పుట్టపందిరి

మండపేట దాటి కాలువ గట్టు మీదుగా రెండు కిలోమీటర్లు పోతే సుభద్రమ్మగారి కొబ్బరితోట వస్తుంది. ఆ రోజు ఆ తోటలోకి అడుగుపెట్టినవాళ్ళెవరూ తిన్నగా కుర్చీల దగ్గరికి వెళ్ళలేదు. పెళ్ళికొడుకు మేనమామలైతే స్తంభాల చుట్టూ తిరిగి, వేళ్ళతో కొట్టి చూసి, ముక్కు ఆనించి వాసన చూశారు. వాళ్ళలో ఒకాయన పంటితో కొరికి చూడబోతే ఆయన భార్య చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కుపోయింది.

చూడాల్సిన పందిరే అది. నూట ఇరవై అడుగుల పొడవు, అరవై అడుగుల వెడల్పు, ముప్పై రెండు స్తంభాలు. స్తంభాల్లో, కప్పులో ఎక్కడా మేకు లేదు, తాడు లేదు, థర్మాకోల్ ముక్క లేదు. మీగడ రంగులో, స్తంభం ఎక్కడ ఆగిందో కప్పు ఎక్కడ మొదలైందో తెలియకుండా, మొత్తం ఒకటే వస్తువులా ఉంది. దాన్ని ఎవరూ కట్టలేదు. పెంచారు.

పెంచినామె పేరు మంగతాయారు. అందరికీ తాయారే. ముప్పై ఆరేళ్ళ మనిషి. సూక్ష్మజీవుల శాస్త్రం చదివి, ఆరేళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పి, ఆ ఉద్యోగానికి నమస్కారం పెట్టేసి, తండ్రి షామియానా కొట్టు వెనక రేకుల షెడ్డులో ప్రయోగశాల పెట్టుకుంది. తండ్రి సూరన్న పందిళ్ళ కాంట్రాక్టరు. ఆయన తండ్రిదీ, తాతదీ కూడా అదే వృత్తి.

ఆ మధ్యాహ్నం తాయారు మనసు పెళ్ళి మీద లేదు. అయిదింటికి రాబోతున్న పదమూడు మంది మీద ఉంది. వాళ్ళంతా చుట్టుపక్కల ఊళ్ళ పందిళ్ళ కాంట్రాక్టర్లు. వాళ్ళ సంఘానికి అధ్యక్షుడు గుబ్బల వీర్రాజు. కిందటి నెల సంఘం సమావేశంలో తాయారు గంటసేపు మాట్లాడితే ఆయన మీసం దువ్వుకుంటూ విని, చివర్లో లేచాడు.

"చూడమ్మా, కాలవలో థర్మాకోల్ ముక్కలు తేల్తంటే నాకూ కడుపు మండుద్ది. కానీ పెళ్ళివోరి ముందు పందిరి కూలితే నా పేరు కూలిపోద్ది. నీ పందిరి తనంతట తాను, మూడుముళ్ళు పడేదాకా నిలబడితే, మేం పదముగ్గురం వచ్చే నెల నించీ థర్మాకోల్ కొనం. నిలబడకపోతే ఈ మాట మళ్ళీ మా దగ్గర ఎత్తకు."

ముహూర్తం సాయంత్రం ఆరూ ఇరవైకి. తాయారుకి పొద్దుటినుంచీ కాలు నిలవడం లేదు. నవ్వు ఆగడం లేదు. ఇంకో నాలుగు గంటలు గడిస్తే చాలు, పదమూడు ఊళ్ళలో పెళ్ళి మర్నాడు కాలువ గట్టున థర్మాకోల్ తగలబెట్టిన నల్లటి పొగ లేవదు. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆమెకి చిన్నపిల్లలా గంతులెయ్యాలనిపించింది.

*

రెండేళ్ళ కిందట ఆ షెడ్డులో మొదట పెరిగింది ఒక పీట.

గడ్డి తిని బతికే ఒక పుట్టగొడుగు జాతి పోగుల్ని పట్టుకుంది తాయారు. వరిగడ్డీ కొబ్బరిపొట్టూ తడిపి, అందులో ఆ పోగులు కలిపి అచ్చులో కూరితే, అయిదు రోజులకి చెక్కలా గట్టిపడింది. ఎండలో పెడితే పోగులు చచ్చిపోకుండా నిద్రపోయాయి. సూరన్న అనుమానంగా ఆ పీట చుట్టూ రెండుసార్లు తిరిగి, మెల్లిగా కూర్చుని, తర్వాత గట్టిగా కూర్చుని, ఆ పీట మీదే రాత్రి భోజనం చేశాడు.

మర్నాడు తాయారు దాని మీద సీసాలోంచి పుల్లనీళ్ళు చల్లింది. నిద్రపోతున్న పోగుల్ని లేపే నీళ్ళవి. లేచాక అవి ఊరుకోవు, తామున్న చెక్కని తామే తినేస్తాయి. తెల్లారేసరికి పీట ఉన్నచోట బుట్టెడు నల్లటి మట్టి ఉంది. వాళ్ళమ్మ ఆ మట్టిలో మిరపనారు పోసింది. షెడ్డంతా పులిసిన మజ్జిగ కంపు కొడుతోందని ఆవిడ సణగడం మాత్రం మానలేదు.

పీట తర్వాత బల్ల, బల్ల తర్వాత స్తంభం. రెండు ముక్కల మధ్య పోగులు కలిపిన తడిపిండి రాసి ఆనించి ఉంచితే పొద్దున్నకి అవి అతుక్కుని ఒకటైపోయేవి. దానికి పుట్టపందిరి అని పేరు పెట్టింది సూరన్నే. కిందటి నెల వీర్రాజు షరతు పెట్టిన నాలుగు రోజులకి అన్నం తింటూ చెయ్యి ఆపేశాడు.

"ఇది నిలబెట్టడానికి ఎంతమంది కావాలే?"

"ఆరుగురు చాలు నాన్నా."

"మన దగ్గర ఇరవై రెండు మంది."

తాయారు పప్పు కలుపుకుంది. ఆ లెక్క ఆమెకి తెలియనిది కాదు. గెడలు పాతేవాళ్ళు, గుడ్డ కుట్టేవాళ్ళు, థర్మాకోల్ కోసేవాళ్ళు, అంతా ఆమెని ఎత్తుకుని పెంచినవాళ్ళే. వాళ్ళకేం చెప్పాలో ఆలోచించిన ప్రతిసారీ లేచి షెడ్డులోకి పోయి ఇంకో అచ్చు నింపేది. అక్కడైతే ప్రశ్నలకి జవాబులు దొరికేవి.

"సుభద్రమ్మగారింటి పెళ్ళి అయ్యాక వాళ్ళకి నేనే చెప్తాలే," అన్నాడు సూరన్న. చెయ్యి కడుక్కుంటూ, "రాటైనా కర్రది వెయ్యవే. అది శుభానికి వేసేది," అన్నాడు.

"ఒక్క కర్ర ఉన్నా వీర్రాజుగారు దాన్నే చూపిస్తారు. రాటతో సహా అన్నీ పెంచినవే ఉండాలి."

ఆ పంతం ఆమెది. తర్వాత చాలా రోజులు తనని తాను తిట్టుకుంది కూడా దాని గురించే.

*

మూడు గంటలవుతుండగా ఏసుబాబు ఆమెని వెతుక్కుంటూ వచ్చాడు. సూరన్న దగ్గర ముప్పై ఏళ్ళుగా థర్మాకోల్ కోసే మనిషి. వేడి తీగతో నెమలినైనా ఏనుగునైనా గీత గీయకుండా కోసెయ్యగలడు. ఆ పొగ పీల్చీ పీల్చీ దగ్గు పట్టుకుంది. సూరన్న ఎంచిన ఆరుగురిలో అతను లేడు. పొద్దున్న వధూవరుల పేర్లు పుట్టగొడుగు చెక్కలో కోసిపెట్టి, పని అయిపోయినా ఇంటికి పోకుండా తెల్లచొక్కా వేసుకుని పందిరంతా తడుముతూ తిరుగుతున్నాడు.

"అమ్మాయ్, ఈశాన్యం మూల రాట ఒకసారి చూడు. గోరు దిగతంది."

"గోరు దిగడమేమిటి బాబాయ్?"

"దిగతందంటున్నాగా. రా."

తాయారు పరుగెత్తింది. ఆ మూల కప్పుని మోసే స్తంభమే పెళ్ళి రాట. దానికి పసుపు రాసి, మామిడాకులూ నవధాన్యాల మూటా కట్టి ఉన్నాయి. మోకాలి ఎత్తున బొటనవేలితో నొక్కింది. వేలు పండిన అరటిపండులోకి దిగినట్టు దిగింది. వంగి మొదట్లో మట్టి తీసి వాసన చూసింది. పులిసిన వాసన. తన షెడ్డు వాసన.

"పుల్లనీళ్ళు ఎవరు చల్లారు?" అరిచింది. పెళ్ళయ్యాక చల్లడానికి తెచ్చిన సీసాలన్నీ తాళం వేసిన పెట్టెలో, మూతలు తియ్యకుండానే ఉన్నాయి.

కుర్చీలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి గంధం రాయిస్తున్న సుభద్రమ్మ ఆ అరుపుకి లేచి వచ్చింది. పెళ్ళికూతురికి నాయనమ్మ, ఎనభై ఏళ్ళావిడ.

"ఏం నీళ్ళే? ఇక్కడ నీళ్ళెవరూ పొయ్యలేదు. నిన్న పొద్దున్న రాటకి పాలు పోశాం."

"పాలు నేనూ పోసి చూశాను మామ్మగారూ. ఏమీ కాలేదు."

"ఎన్ని పోశావు?"

"గ్లాసుడు."

సుభద్రమ్మ నవ్వింది. "గ్లాసుడేమిటే? అయిదుగురు ముత్తయిదువలం, మనిషికో బిందె. గొయ్యి నిండి పొర్లాలి. ఆ పైన చల్లగా ఉండాలని నేనో గిన్నెడు పెరుగు కూడా వేశాను."

తాయారు అక్కడే నేల మీద కూలబడింది. మూడు తరాలుగా వాళ్ళింట్లో పందిళ్ళు వేస్తున్నారు. గొయ్యి తవ్వేది వాళ్ళే. తవ్వి, పూజ మొదలుపెట్టగానే తాంబూలం పుచ్చుకుని టీ తాగడానికి పక్కకి పోతారు. అది ఆడవాళ్ళ పూజ, పందిరివాళ్ళు అక్కడ నిలబడరు. తాతా, తండ్రీ, తనూ, ఎవరూ ఒక్కసారైనా ఆగి ఎన్ని పాలు పోస్తారో చూసిన పాపాన పోలేదు. ఆమె గ్లాసుడు పాలు పోసి గంటసేపు చూసి, ఫరవాలేదని పుస్తకంలో రాసుకుంది. బిందెలకొద్దీ పాలు గోతిలో నిలిచి, వైశాఖం ఎండకి ఒకటిన్నర రోజు పులిస్తే ఏమవుతుందో ఆమెకి తట్టనే లేదు. పుల్లనీళ్ళలో ఉండేవీ పెరుగులో ఉండేవీ ఒకటే సూక్ష్మజీవులు.

ఈలోగా సూరన్న వచ్చాడు. సంగతి విన్నాడు.

"ఎంతసేపుంది?"

తాయారు రాట మీద మెత్తబడిన హద్దు దగ్గర గోటితో గీత గీసి వాచీ చూసుకుంది. పావుగంటకి ఆ హద్దు జానెడు పైకి పాకింది. కప్పు పన్నెండడుగుల ఎత్తున ఉంది.

"ముహూర్తం వేళకి కప్పుని అందుకుంటుంది నాన్నా. కప్పు పలచన. అందులోకి ఎక్కిందంటే ఇక ఆపలేం, మొత్తం ఒకటే ఒళ్ళు కదా."

"అయితే ఈ రాట పీకేసి కర్ర పాతేద్దాం."

"పీకుతావా?" సుభద్రమ్మ రాటకి అడ్డంగా నిలబడింది. "మూడుముళ్ళు పడేదాకా రాట కదపకూడదు. మా ఇంట్లో ఎప్పుడూ కదపలేదు. నన్ను పీకి, ఆ తర్వాత దాన్ని పీకు."

ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. తాయారు రాట వంక చూసింది, పైకి కప్పు వంక చూసింది. పేర్ల అక్షరాలు జనపతాడుకి వేలాడుతూ కనిపించాయి. పొద్దున్న వాటిని తడిపిండితో అతికించబోతే ఎంతకీ అతుక్కోలేదు. తీగ తగిలిన అంచుల్లో పోగులు కాలిపోయి చచ్చిపోయాయి. చచ్చిన అంచు ఇక దేనితోనూ కలవదు, దేన్నీ తన గుండా పోనివ్వదు.

ఆమె ఒక్క ఉదుటున లేచింది.

"బాబాయ్, నీ తీగ ఉందా?"

"సంచీలో ఉంది."

"రాట కదపొద్దు. రాట తలకాయ చుట్టూ కప్పుని కోసెయ్. రాట రాటలా ఉంటుంది, కప్పు దాన్నుంచి విడిపోతుంది. నీ తీగ తగిలినచోట దారి మూసుకుపోతుంది."

సుభద్రమ్మ తల ఎత్తి కప్పు కేసి చూసింది. "రాట కదలదుగా?"

"కదలదు మామ్మగారూ."

"అయితే కానివ్వండి. రాటని నేను చూసుకుంటా, కప్పు సంగతి మీరు చూసుకోండి." ఆవిడ కుర్చీ తెప్పించుకుని రాట పక్కనే కూర్చుని, దాని మీద అరచెయ్యి ఆనించింది.

సూరన్న మాత్రం తల పట్టుకున్నాడు. "రాట విడిపోతే ఆ మూల కప్పు దేని మీద ఆగుద్దే? ఆ బరువుకి చుట్టుపక్కలంతా విరిగి పడుద్ది."

"పట్టుకోవాలి," అన్నాడు ఏసుబాబు. "గెడలేసి కింద మనుషులు పట్టుకోవాలి. పాతితే లాబం లేదు, కప్పు ఊగినప్పుడల్లా మనిషీ ఊగాల. ఎనమండుగురు కావాల. ఈ ఆరుగురూ దీపాలకీ పీటలకీ కావాల కదా. మనోళ్ళకి పోన్ చేత్తాను."

మనోళ్ళు అంటే ఏసుబాబుతో కలిపి ఆరుగురిలో లేని పదహారు మంది. తాయారు అతని చెయ్యి పట్టుకుంది. చెప్పకుండా పిలిపించుకుంటే తనని తాను క్షమించుకోలేదు.

"బాబాయ్, వాళ్ళని పిలిచేముందు ఒక మాట. ఈ పందిరి నిలబడితే వచ్చే నెల నుంచీ..."

"ఆరుగురికే పని. తెల్సమ్మా." ఏసుబాబు దగ్గు ఆపుకుంటూ అన్నాడు. "ముప్పై ఏళ్ళు పందిళ్ళేసినోళ్ళం, అచ్చులు చూసి ఎంతమంది చాలుతారో లెక్కెట్టుకోలేమా? మీ నాన్న చెప్తాడేమోనని చూత్తన్నాం."

సూరన్న నేల చూపులు చూశాడు. తాయారుకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఏసుబాబు అప్పటికే ఫోన్ చెవికి ఆనించుకుని కాస్త దూరం నడిచాడు. ఏం చెప్పాడో వాళ్ళకి వినబడలేదు. పావుగంటలో కాలువ గట్టు మీద అయిదు మోటారు సైకిళ్ళ మీద పదిమంది వచ్చారు. ఒక్కడూ ఏమిటని అడగలేదు. తిన్నగా వంటశాల వైపు వెళ్ళి, వంటవాళ్ళు లబోదిబోమంటున్నా వినకుండా, వాళ్ళ నీడ షామియానా గెడలు ఎనిమిది పీక్కొచ్చారు.

ఏసుబాబు నిచ్చెన ఎక్కాడు. వెదురుబద్దని విల్లులా వంచి బిగించిన తీగకి బ్యాటరీ తగిలించాడు. తీగ ఎర్రబడింది. కాలిన గడ్డి వాసన వచ్చింది. ఎప్పుడూ వచ్చే ఘాటు పొగ లేకపోవడంతో అతనికే ఆశ్చర్యం వేసినట్టుంది, ఒకసారి ఆగి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. కింద తాయారు రాట మీద గీతలు గీస్తూ కేకలేసింది.

"ఏడడుగులు!"

కోత సగం అయింది. గెడల చివర గోనెగుడ్డలు చుట్టి కప్పుకి ఆనించి ఎనమండుగురు కాళ్ళు ఎడం చేసి నిలబడ్డారు. మిగిలిన ఇద్దరూ, అలిసినవాళ్ళకి బదులు కాసేందుకు పక్కన ఉన్నారు.

"తొమ్మిదడుగులు. అనుకున్నదానికంటే జోరుగా పాకుతోంది. తొందరగా బాబాయ్."

"తొందరపడితే తీగ తెగుద్ది. నువ్వూరుకో."

అయిదింటికి ఇంకా పది నిమిషాలుండగా తీగ చుట్టూ తిరిగి మొదలుపెట్టినచోటికే వచ్చింది. కప్పు ఒక్కసారి కిందికి జారి, ఎనిమిది గెడల మీద ఆగింది. ఎనిమిది నోళ్ళూ ఒకేసారి ఉఫ్ మన్నాయి. రాట చిన్నగా వణికింది. సుభద్రమ్మ రెండో చెయ్యి కూడా ఆనించింది. అది నిలబడింది.

తాయారు నిచ్చెనెక్కి కోసిన అంచుని అంగుళం అంగుళం వేలితో నొక్కి చూసింది. గట్టిగా ఉంది. అయిదింటికి నొక్కింది, అయిదున్నరకి నొక్కింది. రాట తలకాయ ముద్దయిపోయినా కప్పు చెక్కుచెదరలేదు. ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నిచ్చెన మీదే కూర్చుని రెండూ చేసింది.

*

పదమూడు మంది కాంట్రాక్టర్లు పట్టుపంచెల్లో వచ్చి మూడో వరసలో కూర్చున్నారు. మంగళవాద్యాలు మోగాయి. ఆరూ ఇరవైకి మూడుముళ్ళు పడ్డాయి. అక్షింతలు వెయ్యడానికి గెడల దగ్గర ఉన్నవాళ్ళకి చేతులు ఖాళీ లేవు.

వీర్రాజు అక్షింతలు వేసి తిన్నగా ఈశాన్యం మూలకి వచ్చాడు. మిగతా పన్నెండు మందీ వెనకే వచ్చారు. సూరన్న కూతురి చెవిలో అన్నాడు, "అలా నిలబెట్టడం కొత్త స్టైలని చెప్పెయ్యవే. నమ్ముతారు."

నమ్మేవాళ్ళేమో కూడా. తాయారు గెడల కింద చెమటలు కక్కుతున్న ఎనమండుగురినీ చూసింది. వాళ్ళని స్టైల్ అనడానికి ఆమెకి నోరు రాలేదు. పాల సంగతి, గ్లాసు సంగతి, తన పంతం, తీగ, అంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

వీర్రాజు మీసం దువ్వుకున్నాడు. "తనంతట తాను నిలబడితే అన్నాం కదమ్మా."

"అవునండి."

"నిలబడలేదు."

"లేదండి."

తాయారు కళ్ళు దించుకుంది. రెండేళ్ళ పని బిందెడు పాలకి పోయిందనుకుంది.

"పాలొక్కటే చూసుకుంటే చాలదండోయ్," అన్నాడు వెనకనుంచి అంబాజీపేట కాంట్రాక్టరు. "మా వేపు వంటోళ్ళు మజ్జిగ బానలు తెచ్చి స్తంబాలకి ఆనించి పెడతారు. సగం ఒలకబోత్తారు కూడాను."

"మా ఊళ్ళో రాట గోతిలో చలిమిడి ఏత్తారు," అన్నాడు ఇంకొకాయన. "అదీ పులుత్తుందిగా?"

"కల్లు సంగతేటి? తాగినోళ్ళు స్తంబానికి ఆనుకునే కూకుంటారు. మా పందిట్లో అయితే అన్ని స్తంబాలూ మెత్తబడిపోతాయి."

తాయారు తల ఎత్తింది. గబగబా శుభలేఖ ఒకటి లాక్కుని దాని వెనక రాయడం మొదలుపెట్టింది. మజ్జిగ. చలిమిడి. కల్లు. గంజి. ఒకరి మాట పూర్తికాకుండానే ఇంకొకరు అందుకుంటున్నారు. ఈ ప్రశ్నలు రెండేళ్ళుగా ఆమెకి షెడ్డులో దొరకలేదు. మొదళ్ళకి ముందే తీగ పెట్టి కాల్చేస్తే సరిపోదా అని ఒకాయన అడిగాడు. ఆమె రాస్తున్నది ఆపి ఆయన్ని నోరు తెరుచుకుని చూసింది. సరిపోతుంది. అన్ని స్తంభాలకీ, మోకాలి ఎత్తున, చుట్టూరా. ఆ కాల్పు తెలిసిన చెయ్యి మాత్రం ప్రతి పందిరికీ ఒకటి కావాలి.

"ఆ తెలిసిన చెయ్యిని మేం ఆరుగుర్లో పెట్టలేదు," అంది పైకే. "పందిరి కావాలంటే ఆ చెయ్యిని కూడా తీసుకెళ్ళాలి. చెయ్యి లేకుండా నేను పందిరి ఇవ్వను."

వీర్రాజు కప్పు కేసి చూస్తున్నాడు. అప్పుడు గెడ కింద నుంచి ఏసుబాబు గొంతు వినబడింది. ఒకతనికి కాలు పట్టేస్తే ఆ గెడ ఏసుబాబే అందుకున్నాడు.

"వీర్రాజుగారూ, మీరు ఎంతసేపైనా మాట్టాడుకోండి. ఈలోగా ఎవరైనా ఒచ్చి దీన్ని కాసేపు పట్టుకోండి. ఈళ్ళు మజ్జానం కూడా తినలేదు."

వీర్రాజు అటూ ఇటూ చూశాడు. భుజం మీది జరీ కండువా తీసి నడుముకి బిగించి కట్టుకున్నాడు. పట్టుపంచె ఎగ్గట్టి, ఏసుబాబు భుజం పక్కన తన భుజం పెట్టి గెడ అందుకున్నాడు. బరువుకి మొహం కందిపోయింది. పక్క గెడ దగ్గరికి అంబాజీపేటాయన నడిచాడు. ఆ వెనక ఇంకొకరు. ఎనిమిది గెడల కిందా పట్టుపంచెలు చేరాయి.

"భోంచేసి రండ్రా, వెళ్ళండి," అన్నాడు వీర్రాజు పళ్ళు బిగించి. "ఏసుబాబూ, నువ్వు తిని తిన్నగా నా దగ్గరికి రా. పదిహేనో తారీకున మా ఊళ్ళో పెళ్ళుంది. తీగ పట్టుకునేవాళ్ళు ముగ్గురు కావాల."